పన్నెండు డిగ్రీల చంద్రుడు

చంద్రుడిని గురించిన ప్రశ్నలలో అతి తేలికగా కనిపిస్తూనే, బాగా చదువుకున్నవారిని సైతం తరచు తడబెట్టే ప్రశ్న ఒకటున్నది. చంద్రుడు పదిహేను రోజులు పెరిగి, పదిహేను రోజులు తరగడానికి కారణమేమిటి? భూమి నీడ పడటమే కారణమన్న సమాధానం చాలామంది నోట అలవోకగా వస్తుంది. ఆ సమాధానం సరికాదు. భూమి నీడ చంద్రుడి మీద పడేది చంద్రగ్రహణం నాడు మాత్రమే. తక్కిన రోజులలో చంద్రుడి వృద్ధిక్షయాలకూ భూమి నీడకూ ఏ సంబంధమూ లేదు.

చంద్రుడికి సొంత వెలుగు లేదు. సూర్యుడికి ఎదురుగా ఉన్న సగం ఎల్లప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, అవతలి సగం ఎల్లప్పుడూ చీకటిలోనే ఉంటుంది. అమావాస్య నాడు కూడా చంద్రగోళంలో సరిగ్గా సగం ఎండలోనే ఉంటుందన్న సంగతి వినడానికి వింతగా తోచినా అదే నిజం. మారేదల్లా, ఆ వెలిగే సగంలో భూమి మీదివారి కంట పడే భాగమెంత అన్నదే. ఆ భాగాన్ని నిర్ణయించేది ఒకే ఒక్క కొలత, అది ఆకాశంలో సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఉన్న కోణం. ఒక చేతిని సూర్యుడి వైపు, రెండవ చేతిని చంద్రుడి వైపు చాపితే రెండు చేతుల మధ్య ఏర్పడే ఎడమే ఆ కోణం. ఎడం సున్న అయితే అమావాస్య, 90 డిగ్రీలైతే అర్ధచంద్రుడు, 180 డిగ్రీలైతే, అంటే రెండు చేతులూ చెరొక దిక్కుకు సాగితే, పౌర్ణమి. నీడ కాదు, కోణం. ఈ ప్రసంగంలో రాబోయే విషయాలన్నీ ఈ ఒక్క కోణం చుట్టూనే తిరుగుతాయి కనుక శ్రోతలు దీనిని మనసులో ఉంచుకొంటే చాలు.

తెలుగువారి ఇళ్లలో గోడకు వేలాడే పంచాంగం క్యాలెండరు ప్రతి దినమూ ఈ కోణాన్నే తెలుపుతుంది. పూర్తి వృత్తంలోని 360 డిగ్రీలను 30 సమభాగాలు చేస్తే ఒక్కొక్క భాగం 12 డిగ్రీలవుతుంది. చంద్రుడు సూర్యుడిని దాటి 12 డిగ్రీలు ముందుకు జరగడానికి పట్టే కాలమే తిథి. మొదటి 12 డిగ్రీలు శుద్ధ పాడ్యమి, తరువాతి 12 డిగ్రీలు విదియ, ఆ తరువాతివి తదియ, చవితి. ఈ విధంగా 180 డిగ్రీల దాకా శుక్లపక్షం, అక్కడి నుంచి మళ్లీ సున్న దాకా బహుళపక్షం. తిథి అనేది రోజుకు మరొక పేరని చాలామంది అనుకొంటారు గాని, అది ప్రధానంగా కోణానికి పెట్టిన పేరు. కాలం ఆ కోణం వెంట వచ్చేది మాత్రమే. దుర్భిణి లేని కాలంలోనే ఆకాశంలోని ఒక కోణాన్ని సామాన్యుడి నిత్యజీవితంలోకి, పెళ్లి శుభలేఖ దాకా, ఇంతగా తెచ్చిన పద్ధతి ప్రపంచంలో అరుదు.

ఈ లెక్క మనసుకు పట్టాలంటే గోడ గడియారాన్ని తలచుకోవచ్చు. చిన్న ముల్లు సూర్యుడనీ, పెద్ద ముల్లు చంద్రుడనీ భావిస్తే, రెండూ ఒకే దిశలో తిరుగుతాయి, కాని ఒకటి మెల్లగా, ఒకటి వేగంగా. నక్షత్రాల నేపథ్యంలో సూర్యుడు రోజుకు సుమారు 1 డిగ్రీ, చంద్రుడు సుమారు 13 డిగ్రీలు జరుగుతారు. భేదం 12 డిగ్రీలకు కొంచెం ఎక్కువ. పన్నెండు గంటలకు కలిసిన ముళ్లు పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి మళ్లీ కలవవు, ఎందుకంటే ఆలోగా చిన్న ముల్లు కొంత ముందుకు వెళ్లి ఉంటుంది. చంద్రుడి విషయమూ అంతే. ఒక నక్షత్రం దగ్గర బయలుదేరిన చంద్రుడు తిరిగి ఆ నక్షత్రాన్ని చేరడానికి సుమారు 27 రోజుల 8 గంటలు పడుతుంది. అందుకే నక్షత్రాలు 27. కాని సూర్యుడిని తిరిగి అందుకోవడానికి 29 రోజులన్నర పడుతుంది. అందుకే తిథులు 30. పంచాంగంలోని ఈ రెండు అంకెలూ చంద్రుడి రెండు వేర్వేరు ప్రయాణాల కొలతలే.

చంద్రుడు ఒకే వేగంతో నడిచి ఉంటే పంచాంగకర్తల పని సులువయ్యేది. అతని కక్ష్య, అంటే భూమి చుట్టూ తిరిగే దారి, సరియైన వృత్తం కాదు. కొంచెం సాగిన దీర్ఘవృత్తం. సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. అయితే ఒకప్పుడు చంద్రుడు సుమారు 3,57,000 కిలోమీటర్ల దాకా దగ్గరకు వస్తాడు, మరొకప్పుడు 4,06,000 దాకా దూరమవుతాడు. దగ్గరగా ఉన్నప్పుడు త్వరగా, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా కదులుతాడు. అందువల్ల ఒక తిథి 20 గంటలలోనే ముగియవచ్చు, మరొకటి దాదాపు 27 గంటలు సాగవచ్చు. సూర్యోదయ సమయానికి ఏ తిథి నడుస్తుంటే ఆ రోజుకు ఆ తిథి పేరు పెట్టడం సంప్రదాయం కాబట్టి, ఒక పొట్టి తిథి సూర్యోదయం తరువాత మొదలై మరునాటి సూర్యోదయానికి ముందే ముగిసిపోతే ఏ రోజుకూ దాని పేరు దక్కదు, అది క్షయతిథి. ఒక పొడుగు తిథి రెండు సూర్యోదయాలను తాకితే రెండు రోజులకూ అదే పేరు, అది వృద్ధి.

పండుగ తగులు మిగులుగా వచ్చినప్పుడు ఈ రోజా, రేపా అని పల్లెలోనూ పట్నంలోనూ వాదులాట లేచేది ఇందువల్లనే. పైగా అన్ని పండుగలకూ సూర్యోదయమే ప్రమాణం కాదు. వినాయక చవితికి మధ్యాహ్నమూ, దీపావళికి సూర్యాస్తమయ వేళా, శివరాత్రికి అర్ధరాత్రీ ముఖ్యం. విదేశాలలోని తెలుగువారికి మరొక చిక్కు ఉన్నది. కోణం ఆకాశంలోనిది కనుక తిథి ప్రపంచమంతటా ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో ముగుస్తుంది. సూర్యోదయం మాత్రం ఊరికొక వేళకు వస్తుంది. హైదరాబాదులో ఒక తేదీన వచ్చిన పండుగ న్యూజెర్సీలో ముందు రోజున పడటం పంచాంగంలోని పొరపాటు కాదు. ఒకే కోణాన్ని రెండు సూర్యోదయాల నుంచి లెక్కించిన ఫలితం. హైదరాబాదు పంచాంగాన్ని చూసి డల్లాసులో పండుగ నిర్ణయించడమే అసలు పొరపాటు.

చంద్రగమనంలోని హెచ్చుతగ్గులు దీర్ఘవృత్తంతోనే ఆగవు. సూర్యుడి ఆకర్షణ చంద్రుడిని నిరంతరం అటూ ఇటూ లాగుతుంటుంది. పాత సిద్ధాంత గ్రంథాల సూత్రాలలో ఈ సూక్ష్మ సవరణలు లేకపోవడం వల్ల వాటి ప్రకారం గుణించిన తిథికీ, ఆకాశంలో నిజంగా కనిపించే తిథికీ కొన్ని గంటల తేడా రాగలదు. దృక్ పంచాంగం, అంటే కంటికి కనిపించే గ్రహస్థితితో సరిపోయే పంచాంగం, పూర్వ పద్ధతి పంచాంగం అన్న భేదం ఇక్కడే పుట్టింది. ఒడిశాలోని ఖండపడాలో 1835లో జన్మించిన సామంత చంద్రశేఖరుడు వెదురుతోనూ కొయ్యతోనూ చేసుకొన్న పరికరాలతో, పాశ్చాత్య గణితంతో పరిచయం లేకుండానే, చంద్రగమనంలోని ఇటువంటి మూడు సవరణలను స్వయంగా కనిపెట్టి తన సిద్ధాంత దర్పణంలో చేర్చాడు. దుర్భిణి లేకపోవడం కంటే ఓపిక లేకపోవడమే ఖగోళ పరిశీలనకు పెద్ద లోపమని ఆయన పని చూస్తే తోస్తుంది.

ఇక ఈ కోణం రాత్రిపూట ఏ విధంగా కనిపిస్తుందో చూడవచ్చు. భూమి తన చుట్టూ తాను తిరగడంలో గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. ఆ లెక్కన 12 డిగ్రీలకు 48 నిమిషాలు, పాత కొలతలో సరిగ్గా రెండు ఘడియలు. అంటే తిథికి రెండు ఘడియల చొప్పున చంద్రుడు ఆలస్యమవుతాడు. ఇది ఉజ్జాయింపే అయినా చాలా ఉపయోగకరమైన లెక్క. శుక్లపక్షంలో, సూర్యుడు అస్తమించిన ఎంతసేపటికి చంద్రుడు అస్తమిస్తాడో ఇది చెబుతుంది. బహుళపక్షంలో, సూర్యాస్తమయమైన ఎంతసేపటికి చంద్రోదయమవుతుందో చెబుతుంది. మరొకసారి: తిథికి రెండు ఘడియలు.

అట్లతద్ది నాడు ఆడపిల్లలు ఉయ్యాలలూగి, ఆటలాడి, చంద్రోదయం కోసం ఎదురుచూడవలసి రావడానికి కారణం అది ఆశ్వయుజ బహుళ తదియ కావడమే; పౌర్ణమి నాడు సూర్యాస్తమయంతోపాటే ఉదయించే చంద్రుడు తదియ నాటికి గంటన్నర, రెండు గంటలు వెనుకబడతాడు. అదే పండుగ శుద్ధ తదియ నాడు ఉండి ఉంటే ఎదురుచూపు అవసరమే ఉండదు. చీకటి పడేసరికే నెలవంక పడమటి ఆకాశంలో ఉంటుంది. వినాయక చవితి శుద్ధ చవితి కాబట్టి, ఆనాడు చంద్రుడిని చూడరాదన్న నియమం పాటించేవారు రాత్రంతా తలుపులు మూసుకొని కూర్చోనక్కరలేదు. సూర్యుడు అస్తమించిన రెండు మూడు గంటలకు చంద్రుడూ అస్తమిస్తాడు. అయితే ఆ చంద్రుడు పొద్దున తొమ్మిది ప్రాంతంలోనే ఉదయించి, మధ్యాహ్నమంతా పట్టపగలే ఆకాశంలో ఉన్నాడన్న సంగతి నియమం పాటించేవారిలో ఎందరికి తెలుసో చెప్పడం కష్టం. కృష్ణుడు అర్ధరాత్రి పుట్టాడని చెప్పే కథ శ్రావణ బహుళ అష్టమిని పేర్కొంటుంది. బహుళ అష్టమి నాడు చంద్రుడు ఉదయించేది సరిగ్గా అర్ధరాత్రి ప్రాంతంలోనే.

అష్టమిని గురించి మరొక మాట. 90 డిగ్రీలను 12తో భాగిస్తే ఏడున్నర వస్తుంది. అంటే చంద్రుడు సరిగ్గా సగమయ్యేది అష్టమి తిథి నట్టనడుమ. ఆనాటి వెలుగు మాత్రం పౌర్ణమి వెలుగులో సగం కాదు, దాదాపు పదవ వంతు. అర్ధచంద్రుడి మీద ఎండ ఏటవాలుగా పడి, కొండలూ గుంటలూ నీడలు పరచుకొంటాయి. పౌర్ణమి నాడు భూమి మీదివారు సూర్యుడి వైపు నుంచే చంద్రుడిని చూస్తున్నట్లవుతుంది కనుక ఆ నీడలన్నీ దాగిపోతాయి. అంత వెలుగునిచ్చే చంద్రుడి నేల నిజానికి నల్లనిది. పడిన వెలుగులో ఎనిమిదవ వంతునే అది తిప్పి పంపుతుంది. చుట్టూ చిక్కటి చీకటి ఉండటం చేతనే అది వెండిలా కనిపిస్తుంది.

మాసాల పేర్లలోనూ చంద్రుడే ఉన్నాడు. పౌర్ణమి చంద్రుడు చిత్త దగ్గర ఉన్న మాసం చైత్రం, విశాఖ దగ్గర ఉన్నది వైశాఖం, కృత్తికల దగ్గర ఉన్నది కార్తికం. కార్తిక పౌర్ణమి రాత్రి చంద్రుడికి సమీపంలో చిన్న గుత్తిలా కనిపించే నక్షత్రాలే కృత్తికలు. పౌర్ణమి వెలుగులో అవి వెలవెలబోతాయి గాని, వెదికితే దొరుకుతాయి. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే కావడం వల్ల సూర్యుడి సంవత్సరానికి సుమారు 11 రోజుల లోటు వస్తుంది. ఏ చాంద్రమాసంలో సూర్యుడు కొత్త రాశిలోకి ప్రవేశించడో దానిని అధికమాసంగా లెక్కించి పంచాంగం ఆ లోటును పూడ్చుకొంటుంది. 2023లో శ్రావణం రెండు మార్లు వచ్చింది ఇందుకే. ఇస్లామీయ పంచాంగం ఆ లోటును పూడ్చదు, అందువల్ల రంజాన్ నెల ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్లలో అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. ఒకే నెలవంక, రెండు లెక్కలు.

సున్న డిగ్రీలు, 180 డిగ్రీలు అన్న రెండు స్థానాలకు ఒక ప్రత్యేకత ఉన్నది; గ్రహణాలు ఆ రెండింటి దగ్గరే సంభవిస్తాయి. అమావాస్య నాడు చంద్రుడి నీడ భూమి మీద పడితే సూర్యగ్రహణం, పౌర్ణమి నాడు భూమి నీడ చంద్రుడి మీద పడితే చంద్రగ్రహణం. నీడల గురించిన ఈ వివరణను ఆర్యభటుడు 499 నాటి తన ఆర్యభటీయంలో స్పష్టంగా చెప్పాడు. మరి ప్రతి అమావాస్యకూ, ప్రతి పౌర్ణమికీ గ్రహణం ఎందుకు రాదు? చంద్రుడి కక్ష్య సూర్యుడి దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉండటం వల్ల చంద్రుడు చాలా మార్లు కొంచెం పైగానో, కొంచెం దిగువగానో దాటిపోతాడు. ఆ రెండు దారులు ఆకాశంలో ఖండించుకొనే బిందువులు రెండు; వాటినే జ్యోతిషం రాహువు, కేతువు అన్నది. కోణం సున్న కావడమూ, చంద్రుడు ఆ బిందువు సమీపంలో ఉండటమూ ఏకకాలంలో జరిగితేనే సూర్యగ్రహణం. ఆ బిందువులు కూడా స్థిరంగా ఉండక, వెనుకకు నడుస్తూ సుమారు పద్దెనిమిదిన్నర ఏళ్లకు ఒక చుట్టు పూర్తిచేస్తాయి.

సూర్యుడు చంద్రుడి కంటే సుమారు 400 రెట్లు వెడల్పైనవాడు, సుమారు 400 రెట్లు దూరంలో ఉన్నాడు. అందుచేత ఇద్దరూ ఆకాశంలో ఇంచుమించు ఒకే పరిమాణంలో, అర డిగ్రీ వెడల్పున కనిపిస్తారు. దీని వెనుక ఏ నియమమూ లేదు, కేవలం కాకతాళీయం. కాని సంపూర్ణ సూర్యగ్రహణంలో సూర్యబింబం మొత్తం దాగి, దాని అంచున ఎగసే ఎర్రని జ్వాలలు బయటపడేది ఈ కాకతాళీయం వల్లనే. ఆ జ్వాలల రహస్యం విప్పడంలో తెలుగునేలకు గట్టి స్థానమే ఉన్నది.

విభవ నామ సంవత్సర శ్రావణ అమావాస్య, అంటే 1868 ఆగస్టు 18న, చంద్రుడి నీడ పడమటి తీరం నుంచి గుంటూరు, మచిలీపట్నాల మీదుగా బంగాళాఖాతంలోకి సాగిపోయింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జూల్ జాన్సెన్, బ్రిటిష్ సైన్యాధికారి టెనాంట్ గుంటూరులో తమ పరికరాలను నిలిపారు. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. అదే నక్షత్రశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్లాడు. వారి వద్ద వర్ణపటదర్శిని అనే కొత్త సాధనం ఉన్నది. వెలుగును రంగులుగా విడగొట్టి, ఆ రంగులలోని గీతలను బట్టి వెలుగును వెదజల్లుతున్న పదార్థమేదో తెలిపే సాధనమది. సూర్యుడి అంచున ఎగసిన జ్వాలలు మండే వాయువులని, అందులో ముఖ్యమైనది హైడ్రోజన్ అని ఆనాటి గీతలు తెలిపాయి. ఆ గీతల ప్రకాశాన్ని చూసిన జాన్సెన్‌కు, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చునన్న ఊహ కలిగింది. మరునాడే గుంటూరు ఆకాశం కింద మామూలు పగటి సూర్యుడి అంచున ఆ జ్వాలలను చూడగలిగాడు.

ఆనాటి గీతలలో పసుపు రంగుది ఒకటి పరిశీలకులను ఇబ్బంది పెట్టింది. అది సోడియం గీతకు దగ్గరగా ఉన్నది గాని దానితో సరిగ్గా కలవలేదు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా గ్రహణంతో పని లేకుండా జ్వాలలను చూసి, ఆ పసుపు గీత స్థానాన్ని జాగ్రత్తగా కొలిచాడు. భూమి మీద అప్పటికి తెలియని ఒక మూలకానిదే ఆ గీత అన్న అభిప్రాయం క్రమంగా రూపుదిద్దుకొన్నది. ఆ మూలకానికి హీలియం అన్న పేరు వచ్చింది. భూమి మీద హీలియం దొరికింది 1895లో, విలియం రామ్‌సే ప్రయోగశాలలో. అంటే సూర్యుడిలో జాడ తెలిసిన 27 ఏళ్లకు గాని ఆ వాయువు మనుషుల చేతికి చిక్కలేదు.

వనపర్తి వెళ్లిన రఘునాథాచారిని గురించి విడిగా చెప్పుకోవలసి ఉన్నది. పంచాంగాలు గుణించే కుటుంబం నుంచి వచ్చిన ఆయన, నక్షత్రశాలలో దుర్భిణితో చూసిన చంద్రుడికీ, పంచాంగంలో రాసిన చంద్రుడికీ తేడా ఉండటం సహించలేక, కంటికి కనిపించే స్థితితో సరిపోయేలా దృగ్గణిత పంచాంగాన్ని ప్రచురించాడు. తిథి ఒక కోణమైనప్పుడు దానిని ఆకాశంలో కొలిచి సరిచూసుకోవాలన్నది ఆయన వాదం. తెలుగువారిలో ఆయన పేరు ఇప్పటికీ తగినంతగా వినిపించకపోవడం విచారకరం.

సముద్రపు పోటుపాట్లు కూడా ఈ కోణాన్నే అనుసరిస్తాయి. నీరు తీరానికి ఎగదన్నడం పోటు, వెనుదీయడం పాటు. కాకినాడ సమీపంలోని కోరింగ మడ అడవులలోకి రోజుకు రెండు మార్లు ఉప్పునీరు వచ్చి పోయేది ఈ కదలిక వల్లనే. నీటిని ఎక్కువగా లాగేది చంద్రుడు, సూర్యుడి బలం అందులో సగానికి కొంచెం తక్కువ. అమావాస్య, పౌర్ణమి తిథులలో రెండు బలాలు ఒకే వరుసలో కలిసి పనిచేస్తాయి, పోటు పెరుగుతుంది. అష్టమి ప్రాంతంలో ఒకదాని ఫలితాన్ని ఒకటి తగ్గిస్తాయి, పోటు తగ్గుతుంది.

ఇంతవరకు చెప్పినదంతా భూమి మీద నిలిచి చూసిన చంద్రుడు. చంద్రుడి మీద నిలిస్తే ఇదే తిథి మరొక అర్థాన్నిస్తుంది. చంద్రుడు భూమి చుట్టూ ఒకసారి తిరిగే కాలంలోనే తన చుట్టూ తాను కూడా ఒకసారి తిరుగుతాడు. అందుకే భూమికి ఎల్లప్పుడూ ఒకే ముఖం కనిపిస్తుంది, అందుకే అక్కడ సూర్యోదయం నుంచి సూర్యోదయానికి ఇరవైతొమ్మిదిన్నర రోజులు పడుతుంది. కనిపించే ఆ ముఖం నట్టనడుమ ఒక మనిషి నిలబడితే, అతనికి శుద్ధ అష్టమి సూర్యోదయం, పౌర్ణమి మిట్టమధ్యాహ్నం, బహుళ అష్టమి సూర్యాస్తమయం, అమావాస్య అర్ధరాత్రి. తిథి అంటే చంద్రుడి మీది గడియ అన్నమాట. భూమికి కనిపించని అవతలి ముఖాన్ని చీకటి ముఖమనడం కూడా ఇందుచేతనే తప్పు. అమావాస్య నాడు అక్కడ నడిపగలు. 1959లో సోవియట్ వ్యోమనౌక లూనా 3 ఆ ముఖాన్ని తొలిసారి ఫోటో తీసినప్పుడు అక్కడ మంచి ఎండ ఉన్నది.

అక్కడి మనిషికి భూమి ఆకాశంలో ఇంచుమించు ఒకే చోట నిలిచి, చంద్రుడికి సరిగ్గా వ్యతిరేకమైన కళలు చూపుతుంది. ఇక్కడ అమావాస్య అయితే అక్కడికి నిండు భూమి కనిపిస్తుంది. శుద్ధ విదియ, తదియ సాయంకాలాలలో నెలవంక పక్కన మిగిలిన గుండ్రని భాగం బూడిద రంగులో మసకగా కనిపించడాన్ని శ్రోతలలో చాలామంది గమనించే ఉంటారు. ఆ మసక వెలుగు, ఇంచుమించు నిండుగా ఉన్న భూమి నుంచి చంద్రుడి రాత్రి మీద పడిన భూమి వెన్నెల. పదహారవ శతాబ్ది తొలి ఏళ్లలో లియొనార్డో డావించి తన నోటు పుస్తకంలో దీనికి సరియైన కారణం రాసుకొన్నాడు.

వ్యోమనౌకలను దించేవారికి ఈ చంద్రుడి గడియ చాలా ముఖ్యం. 1969 జులైలో అపోలో 11 దిగింది శుక్లపక్షంలో, అర్ధచంద్రుడు రాకముందే. దిగే చోట అప్పుడే పొద్దెక్కుతుంటే పొడుగాటి నీడలలో గుంటలూ బండలూ స్పష్టంగా కనిపిస్తాయన్నది అందుకు కారణం. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3 విషయంలో కారణం వేరు. విక్రమ్ ల్యాండరుకూ ప్రజ్ఞాన్ రోవరుకూ కావలసిన విద్యుత్తు సూర్యరశ్మి నుంచే రావాలి, చంద్రుడి పగలు భూమి లెక్కలో సుమారు 14 రోజులు మాత్రమే. అందువల్ల పగలు మొదలైన వెంటనే దిగితేనే పనికి ఎక్కువ సమయం దొరుకుతుంది. విక్రమ్ దిగిన చోటు చంద్రుడి దక్షిణ ధ్రువానికి చేరువలో, కనిపించే ముఖపు నడిమి గీతకు కొంత తూర్పుగా ఉన్నది. అక్కడ సూర్యోదయం అష్టమి దాకా ఆగదు. శుద్ధ పంచమి, షష్ఠి ప్రాంతంలోనే అవుతుంది. ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ నేలను తాకినప్పుడు పంచాంగంలో ఉన్నది నిజ శ్రావణ శుద్ధ సప్తమి. శాస్త్రవేత్తలు పంచాంగం చూసి ముహూర్తం పెట్టారని ఎవరైనా అంటే అది కల్పన. కాని వారు చూసుకొన్న ఎండ కోణమూ, పంచాంగం చెప్పే తిథీ ఒకే లెక్కకు రెండు ముఖాలు.

పౌర్ణమి దాటింది. ఆ చోట పొద్దు వాలసాగింది. సెప్టెంబరు 2న ప్రజ్ఞాన్‌నూ, 4న విక్రమ్‌నూ ఇస్రో నిద్రావస్థలో ఉంచింది. అప్పటికి ఇక్కడ బహుళ పంచమి ప్రాంతం. శుద్ధ పంచమికి మొదలైన పగలు బహుళ పంచమికి ముగియడంలో ఆశ్చర్యం లేదు, రెండింటి మధ్య ఉన్నది సరిగ్గా 180 డిగ్రీలే. తరువాతి శుక్లపక్షంలో అక్కడ మళ్లీ పొద్దుపొడిచాక ఇస్రో సంకేతాలు పంపింది. కఠోరమైన చలిరాత్రిని తట్టుకొనేలా నిర్మించినవి కానందువల్ల వాటి నుంచి జవాబు రాలేదు. ఒక పగటి పనికి పంపినవి ఒక పగలు పనిచేశాయి.

చివరగా, ఈ 12 డిగ్రీల నడక కూడా శాశ్వతంగా ఇదే తీరులో సాగేది కాదు. అపోలో యాత్రికులు చంద్రుడి మీద అమర్చి వచ్చిన అద్దాల మీదికి భూమి నుంచి లేజర్ కిరణాలు పంపి, అవి రెండున్నర సెకన్లలో తిరిగివచ్చే కాలాన్ని అతి సూక్ష్మంగా కొలిచి, చంద్రుడు ఏడాదికి సుమారు 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరమవుతున్నాడని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. సముద్రపు పోటు భూమి భ్రమణాన్ని అణుమాత్రంగా నెమ్మదింపజేస్తూ, ఆ శక్తిలో కొంత చంద్రుడికి అందించడమే దీనికి కారణం. దూరమయ్యేకొద్దీ చంద్రుడి నడక నెమ్మదిస్తుంది, చంద్రబింబం చిన్నదవుతుంది. కోట్ల ఏళ్ల తరువాత సూర్యుడిని పూర్తిగా కప్పడానికి అతని వెడల్పు చాలదు. అప్పటికి మిగిలేవి అంచున వెలుగు వలయం కనిపించే కంకణ గ్రహణాలూ, పాక్షిక గ్రహణాలూ మాత్రమే. నెల పొడవు పెరుగుతుంది, దానితోపాటు తిథి పొడవూ పెరుగుతుంది. అయితే ఆ పెరుగుదల పంచాంగకర్తలు ఇప్పట్లో దిద్దుకోవలసినంతటిది కాదు. తగులు మిగులు తగవులకు ఇప్పుడున్న తిథులే చాలు.